వార్తయు ఆప్తవాక్యమును



పత్రికలకు ధర్మమనునది యొకటి యున్నదా, యున్నచో దానిని మన పూర్వులు ఎట్లు నడపిరి, నేఁడు దానిని నిలుపువారెవ్వరు అను విషయమును గుఱించి కొంత ముచ్చటింపఁదలఁచితిని. పట్టణములలోని పెద్ద సంపాదకులకు హితము చెప్పువారు వేఱుగా నున్నారు. నా దృష్టి యంతయు మండలవార్తల పుటపైననే. సబ్బవరమునందో, పెందుర్తియందో, చోడవరమునందో జరిగిన చిన్న సంగతి మఱునాఁటి యుదయమున అచ్చులో కనఁబడును. వ్రాసినవాఁడు మనకు తెలిసినవాఁడే. ఎవనిని గుఱించి వ్రాసెనో వాఁడును మనకు తెలిసినవాఁడే. కావున ఆ వార్త మంచిచెడ్డలు మనకు తగిలినంతగా మఱియెవ్వరికిని తగులవు.

పూర్వము పల్లెలో వార్త దండోరాతో వచ్చెడిది. డప్పు కొట్టువాఁడు తాను ఎవరి మాట చాటుచున్నాఁడో ఆ పేరు చెప్పి చాటెడివాఁడు. విన్నవారు ఆ పేరును బట్టి మాటను తూఁచికొనెడివారు. రచ్చబండకడ పుట్టిన వదంతికి అట్టి పేరు లేదు. ఈ భేదమును మన తార్కికులు మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. న్యాయశాస్త్రమున ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. శబ్దమనఁగా ఆప్తుని యుపదేశము. ఆప్తుఁడెవఁడు? న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుఁడు చెప్పిన లక్షణము విలేకరుల కొఱకే చెప్పినట్లుండును. విషయమును తాను సాక్షాత్తుగా నెఱిఁగినవాఁడై యుండవలయును. ఎఱిఁగినదానిని ఎఱిఁగినట్లే పరులకు తెలుపవలెనను కోరిక గలవాఁడై యుండవలయును. ఈ రెండును గలవాఁడు ఋషియైనను, ఆర్యుఁడైనను, మ్లేచ్ఛుఁడైనను ఆప్తుఁడే యని యాయన మతము. చూచుట యొకటి, చూచినట్లు చెప్పఁగోరుట యొకటి. ఈ రెండింటిలో ఏది చెడినను వార్త చెడును. మన పత్రికల చరిత్రను ఈ కొలతతోనే చూతము.

1838లో చెన్నపట్టణమున మండిగల వేంకటరామశాస్త్రిగారు వృత్తాంతి యను పత్రికను, 1842లో సయ్యదు రహమతుల్లాగారు వర్తమానతరంగిణిని నడపిరి. తెలుగు పత్రికలకు పునాది వేసినవారిలో ఒక శాస్త్రిగారును, ఒక మహమ్మదీయుఁడును ఉండుట వాత్స్యాయనుని మాటకు చక్కని యుదాహరణము. కాని ఒక ప్రాంతపు టధికారులను ఆ ప్రాంతముననే కాపురముండి అచ్చులో నిలువఁదీసిన ఘనత కందుకూరి వీరేశలింగము పంతులుగారిది. 1874 అక్టోబరులో ఆయన వివేకవర్ధనిని స్థాపించిరి. మొదట చెన్నపట్టణమున అచ్చువేయించి, పిదప రాజమహేంద్రవరముననే ముద్రాశాలను నెలకొల్పిరి. న్యాయస్థానములలోని లంచములను, కొందఱు వకీళ్ల కూటకృత్యములను ఆ పత్రిక బయలుపఱచినది. ఆయన యప్పటికి బడిపంతులు. తాను వ్రాసిన మనిషి మఱునాఁడు వీధిలో ఎదురుపడును. వాని బంధువులు పగఁబూనుదురు. అట్టిచోట ఋజువు లేని మాట వ్రాసినవాఁడు నాలుగు నెలలు నిలువలేఁడు. ఊరిలో నుండి వ్రాయువానికి పరువే మొదటి కట్టుబాటు. పంతులుగారు తొలుత ప్రౌఢముగా వ్రాసి, పదుగురికి తెలియుటకై క్రమముగా సులభశైలికి దిగిరి. నావంటి వ్యాకరణము చదివినవానికి ఇది రుచింపదు గాని, లంచము సంగతి లంచమిచ్చినవానికి అర్థము కాకున్న ప్రయోజనమేమి?

చూచినట్లు చెప్పుటకు వెల యుండును. 1908లో బెజవాడనుండి వెలువడిన స్వరాజ్య పత్రికలో తిరునల్వేలి కాల్పులను గుఱించి వ్రాసినందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మూఁడేండ్లు చెఱసాల ననుభవించిరి. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కన్నుమూయు దాఁక బందరు కృష్ణాపత్రికకు సంపాదకులుగా నుండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రికకు అమృతాంజనము అండగా నిలిచినది. తలనొప్పి మందు అమ్మిన సొమ్ముతో పత్రిక నడచినదని నవ్వువారు కలరు. నవ్వనిండు. ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నదో చదువరులందఱికిని తెలియును. వార్త క్రింద దాఁగిన సొమ్ము కాదది.

హైదరాబాదున 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారి సంగతి యొకటి చెప్పక తీఱదు. నిజాము రాష్ట్రమున తెలుఁగు కవులు లేరని యొకరు వ్రాసిరి. రెడ్డిగారు తిట్టుకు తిట్టు వ్రాయలేదు. ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఒక అసత్యమునకు 354 మంది సాక్షులు! ఖండనమన్న నిట్లుండవలయును.

ఇఁక మన సీమకు వత్తము. నా చిన్నతనమున దినపత్రికలు విజయవాడనుండి రైలులో వచ్చి, మాకు చేరునప్పటికి మధ్యాహ్నము దాఁటెడిది. 1974 ఆగస్టు 10వ తేదీని విశాఖపట్టణము సీతమ్మధారనుండి రామోజీరావుగారు ఈనాడును వెలువరించిరి. నాకప్పటికి పదునాలుగేండ్లు. తెల్లవాఱకముందే పత్రిక గుమ్మమున పడుట మాకొక వింత. 1989లో అదే పత్రిక జిల్లాకొక చిన్న సంచికను చేర్చినది. పిదప ఇతర పత్రికలును ఆ త్రోవనే నడచినవి. అంతవఱకు హత్యయో వఱదయో వచ్చిననే గాని పల్లె పేరు అచ్చులో కనఁబడెడిది కాదు. ఇప్పుడు బోరింగు చెడిపోయినను వార్తయే. దీనివలన మేలు కలుగలేదనుట కృతఘ్నత. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగఁబడఁగా, పత్రికలు, ముఖ్యముగా ఈనాడు, ఆ మాటను పల్లెపల్లెకు మోసినవి. 1993లో సారా నిషేధింపఁబడినది.

అయితే ఇన్ని పుటలు నింపుటకు ఇంతమంది విలేకరులు కావలసి వచ్చిరి. మండలమున కొక కంట్రిబ్యూటరు. వానికి నెలజీతము లేదు. అచ్చయిన పంక్తులను లెక్కించి యిచ్చు కొద్దిపాటి సొమ్మే. అంతేకాక సంక్రాంతికి, ఉగాదికి, నాయకుల జన్మదినములకు ప్రకటనలు తెచ్చిపెట్టవలెను, వానిపై కమీషను. ప్రొద్దున ఏ కంట్రాక్టరు నొద్ద ప్రకటన యడిగెనో, సాయంకాలము ఆ కంట్రాక్టరు వేసిన రోడ్డును గుఱించి వాఁడే వ్రాయవలెను. వాత్స్యాయనుని రెండవ లక్షణము ఇచ్చట ఎట్లు నిలుచును? నేను ఆ కుఱ్ఱవానిని నిందింపను. వానిని ఆకలితో నుంచి సత్యము వ్రాయుమనువారిని నిందింతును.

మొదటి లక్షణము చెడుటకు నేనెఱిఁగిన యుదాహరణమొకటి. కొన్నియేండ్ల క్రిందట మా దాపున నొక యూర చౌకధరల దుకాణపు డీలరు రాత్రివేళ బియ్యము తరలించెనని ఒక పత్రిక మండలపుటలో వచ్చినది. వ్రాసినవాఁడు చూడలేదు, ఆ డీలరుషిప్పు తనకు రాలేదని కినుక వహించినవాఁడు చెప్పఁగా వ్రాసెను. డీలరును ఒక్క మాటయైన అడుగలేదు. అధికారులు వచ్చి తూఁచిరి, నిల్వ సరిపోయినది. అతఁడు నాకడకు వచ్చి ఖండనలేఖ వ్రాయించుకొని పంపెను. పందొమ్మిది దినములకు రెండు పంక్తులు, లోపలి పుటలో, అతని పేరైనను లేకుండ వచ్చినవి. తొలివార్తను టీకొట్టు కడ బిగ్గరగా చదివినవారిలో ఒక్కఁడును ఆ రెండు పంక్తులు చదువలేదు. ఆ యేఁడు అతని కూఁతురికి వచ్చిన సంబంధము తిరిగిపోయినది.

పెద్దచోట జరిగినదానిని దీని ప్రక్కన పెట్టి చూడుఁడు. 2009 ఎన్నికలలో అభ్యర్థులయొద్ద సొమ్ము తీసికొని వారి ప్రచారమునే వార్తగా అచ్చువేసిరని మన ఆంధ్రప్రదేశమున పనిచేయు జర్నలిస్టుల సంఘమే గొంతెత్తినది. ప్రకటనయైన చదువరి ప్రకటనగా తూఁచికొనును. వార్తయన్న ఆప్తవాక్యమని నమ్మును. ఆ నమ్మకమునే అమ్మిరన్నమాట. భారత ప్రెస్ కౌన్సిలు పరంజయ్ గుహ ఠాకుర్తాగారిని, మన తెలుఁగువారైన కె. శ్రీనివాసరెడ్డిగారిని విచారణకు నియమించినది. వారు 2010లో పత్రికల పేర్లతో సహా 71 పుటల నివేదికను సమర్పించిరి. కౌన్సిలు పేర్లు తీసివేసి, కుదించినదానినే ముందు ప్రకటించెను. 2011లో కేంద్ర సమాచార కమిషను ఆజ్ఞాపించిన పిమ్మట గాని పూర్తి నివేదిక బయటికి రాలేదు. బియ్యపు బస్తా విషయమున డీలరు పేరు, ఊరు, తండ్రిపేరుతో అచ్చుకెక్కినది. ఎన్నికల సొమ్ము విషయమున పత్రికల పేర్లు ఏఁడాదికి పైగా దాఁపఁబడినవి.

ఈ ప్రెస్ కౌన్సిలు 1966లో ఏర్పడి, అత్యవసర పరిస్థితి కాలమున రద్దయి, 1978 నాఁటి చట్టముచే మరల పుట్టినది. అచ్చువేయకముందు సంబంధించినవానిని విచారింపవలెననియు, తప్పు తేలినచో కనఁబడునట్లు సవరింపవలెననియు, ప్రత్యుత్తరమునకు చోటీయవలెననియు దాని నియమములు. తప్పు చేసిన పత్రికను మందలింపఁగలదే కాని దండింపఁజాలదు. టెలివిజను చానళ్లపై దాని కధికారము లేదు. దండనకు న్యాయస్థానమే శరణ్యము. మా సబ్బవరముననే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమున్నది. అచ్చటి విద్యార్థులు చదువు నూతన న్యాయసంహితలో, అనఁగా 2024 జూలై 1 నుండి అమలైనదానిలో, పరువునష్టమునకు 356వ సెక్షను. పూర్వపు శిక్షాస్మృతివలెనే ఇందును మాట నిజమైనంత మాత్రమున చాలదు; దానిని ప్రకటించుట లోకహితమునకై యుండవలెను. మన ధర్మశాస్త్రములు తెలిసినవారికి ఇది క్రొత్త మాటగా తోఁపదు.

న్యాయస్థానమునకు పోలేనివారు కౌన్సిలునకు వ్రాసికొనవచ్చును, రుసుము లేదు. మొదట సంపాదకునకు జాబు వ్రాసి, నకలు ఉంచుకొనవలెను. ఆయన పట్టించుకొననిచో, వార్త యచ్చయిన పత్రికముక్కను, ఆ జాబు నకలును, ఈ విషయమై ఏ న్యాయస్థానమునను వ్యాజ్యము లేదను వాఙ్మూలమును చేర్చి ఢిల్లీకి పంపవలెను. దినపత్రికకును వారపత్రికకును గడువు రెండు నెలలు, తక్కినవానికి నాలుగు. నా కడకు వచ్చిన డీలరునకు ఈ సంగతి తెలియునప్పటికి మూఁడవ నెల నడచుచున్నది.