అడవి ఋణము

భద్రాచల ప్రాంతమునందలి అరణ్యము పలువురు పాలకులను చూచినది. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి మార్చబడినవి. అంతకుముందు కొండవాసులు గొడ్డలి కింతయని స్వల్పమైన పన్ను చెల్లించి, నచ్చినతావున పోడు కొట్టుకొనుచుండిరి. మద్రాసు అధికారులు ఆ పన్నును ఇంచుమించు మూడింతలు చేసి, కొన్నితావులలో పోడునే నిషేధించిరి. 1879 నాటి రంపపితూరీ రేకపల్లికి ప్రాకుటకు ఇది యొక ముఖ్యకారణము.

నూరేండ్లు గడచినపిమ్మట అడవికి మరియొక పోషకుడు వచ్చెను. ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్ అడవుల నిమిత్తము 1994లో సుమారు 7 కోట్ల 70 లక్షల డాలర్లును, 2002లో 10 కోట్ల 80 లక్షల డాలర్లును ఋణముగా నొసగినది. గ్రామములలో వనసంరక్షణ సమితులు వెలసినవి. ఊరివారు అడవిని కాపాడవలెను. ప్రతిగా వారికి కూలియు, ఫలసాయములో భాగమును లభింపవలెను. ఉద్దేశము మంచిదే. మోడువారిన గుట్టలు పలుచోట్ల మరల చిగిర్చుటయు సత్యమే. కాని తాతలనాటి పోడుచేలు సమితుల పేరిట మొక్కలతోటలలో కలసిపోయినవని గిరిజనసంఘములు మొరపెట్టినవి. పట్టాలేని కోయరైతు తన చేనిలోనే ఆక్రమణదారుడయ్యెను. పూర్వము పన్ను చేసినపనిని ఇప్పుడు సహాయము చేసినది.

2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ లోపమును గుర్తించినది. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి గిరిజనులు సాగుచేయుచున్న భూమిపై వారికి హక్కునిచ్చి, ఊరియడవిని కాపాడు అధికారమును గ్రామసభ కొప్పగించినది. తెలంగాణలో 2023లో సుమారు 4 లక్షల ఎకరముల పోడుభూములకు పట్టాల పంపిణీ ప్రారంభమైనది. డబ్బు ముందు వచ్చినది. హక్కు వెనుక వచ్చినది. క్రమము తలక్రిందులైనందుననే ఇన్ని కష్టములు.

భూతాపము పెరుగుచున్న యీకాలమున అడవులకు ధనమిచ్చువారు మరల వచ్చుచున్నారు. చెట్టు పీల్చు బొగ్గుపులుసుగాలికి వెలకట్టి కొనువారును కలరు. ఆ గాలిని వెదజల్లినది కోయగూడెపు పొయ్యి కాదు. దూరదేశముల కర్మాగారములు, మన పట్టణముల బండ్లు. అడవివలని మేలు లోకమంతటిది; దానికి మూల్యము మాత్రము ఒక్క కోయరైతు పొలమా?

చదువరులారా, సహాయమును నిరాకరింపుమని నా మాట కాదు. తొలుత కొలతవేసి, పట్టా చేతికిచ్చి, గ్రామసభ సమ్మతి పొంది, ఆపైన మొక్క నాటవలెను. బ్యాంకు ఋణమును ప్రభుత్వము వాయిదాలలో తీర్చగలదు. అడవిని కాపాడినవారికి మనము పడిన ఋణము ఇట్లుగాని తీరదు.