బంతిని జేబులో వేసుకుని వెళ్ళిపోయిన కుర్రాడు: బాబీ జోన్స్ కథ

ఈ ఎపిసోడ్‌లో గోల్ఫ్ గురించి మాట్లాడుకుందాం. "మాకు గోల్ఫ్ రాదు కదా" అనుకోకండి. ఇది కర్రతో బంతిని కొట్టడం గురించి కాదు, కొట్టే మనిషి బుర్ర గురించి.

ముందు చిన్న లెక్క. గోల్ఫ్‌లో ఒక రౌండ్ అంటే 18 హోల్స్. ఆడటానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మంచి ఆటగాడు 72 దెబ్బల్లో పూర్తి చేశాడనుకోండి. ఒక్కో స్వింగ్‌కి రెండు సెకన్లు వేసుకున్నా మొత్తం రెండున్నర నిమిషాలు దాటదు. మరి మిగతా టైమంతా? నడక, ఆలోచన. పోయిన షాట్ గురించి బాధ, రాబోయే షాట్ గురించి భయం. క్రికెట్‌లో బంతి మీ మీదకి వస్తుంది కాబట్టి ఆలోచించే టైమ్ ఉండదు. ఇక్కడ బంతి కదలకుండా అక్కడే కూర్చుని మీకోసం ఎదురు చూస్తుంది. అసలు చిక్కు అక్కడే.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. అమెరికాలోని అట్లాంటాలో 1902లో బాబీ జోన్స్ పుట్టాడు. 14 ఏళ్ళకే, 1916లో, యూఎస్ అమెచ్యూర్ పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు. అందరూ చిచ్చరపిడుగు అన్నారు. కానీ ఆ తర్వాత ఏడేళ్ళు ఒక్క పెద్ద టైటిల్ కూడా రాలేదు! చెయ్యి బాగానే ఉంది, కోపమే ఆగేది కాదు. షాట్ తప్పితే క్లబ్ విసిరేసేవాడు.

1921. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్. గోల్ఫ్‌కి పుట్టినిల్లు లాంటి ఊరు. అక్కడ జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో మూడో రౌండ్. బాబీకి 19 ఏళ్ళు. మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 దెబ్బలు అయిపోయాయి. పదకొండో హోల్ దగ్గర బంతి ఇసుక గుంటలో పడింది. కొట్టాడు, విసిగిపోయాడు. చివరికి హోల్ పూర్తి చేయకుండానే బంతి తీసి జేబులో వేసుకున్నాడు. అంటే పోటీ నుంచి అవుట్. ఓడిపోవడం వేరు, మధ్యలో వదిలేసి పోవడం వేరు. ఆ మచ్చ బాబీని చాలా ఏళ్ళు వెంటాడింది.

సరే, మరి ఎలా మారాడు? బాబీ 11 ఏళ్ళ వయసులో, 1913లో, ఇంగ్లండ్ గొప్ప ఆటగాళ్ళు హారీ వార్డన్, టెడ్ రే తన ఊరి కోర్సులో ఆడుతుంటే చూశాడు. వార్డన్ ఆటలో హడావుడి ఉండేది కాదు. ఒక్కో హోల్‌ని దాని 'పార్'లో పూర్తి చేసుకుంటూ పోయేవాడు. పార్ అంటే ఒక హోల్‌ని మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో పూర్తి చేయాలో ఆ లెక్క. మూడో, నాలుగో, ఐదో.

ఆ విషయం బాబీకి పూర్తిగా వంటబట్టడానికి పదేళ్ళు పట్టింది. చివరికి ఒక ఊహ చేసుకున్నాడు. నా పోటీ ఎదురుగా ఉన్న మనిషితో కాదు, 'ఓల్డ్ మ్యాన్ పార్' అనే ముసలాయనతో. ఈ ముసలాయన అద్భుతాలు చేయడు, ఘోరాలూ చేయడు. రెచ్చగొట్టడు, భయపెట్టడు. రోజూ ఒకేలా ఆడతాడు. అవతలివాడు దూరం నుంచి అదిరిపోయే పుట్ వేశాడనుకోండి, మామూలుగా మనం కంగారుపడి రిస్క్ తీసుకుంటాం. పార్‌తో ఆడేవాడికి ఆ కంగారు తక్కువ.

1923లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1924లో, 14 ఏళ్ళప్పుడు ఆడిన అదే మెరియన్ కోర్సులో యూఎస్ అమెచ్యూర్ గెలిచాడు.

అయితే ఇదేమీ మంత్రం కాదండోయ్. 1926లో ఫ్లోరిడాలో వాల్టర్ హేగెన్‌తో 72 హోల్స్ మ్యాచ్ ఆడాడు. హేగెన్ బంతిని అటూ ఇటూ కొట్టేవాడు, మళ్ళీ ఎలాగోలా హోల్‌లో వేసేవాడు. బాబీ చిత్తుగా ఓడిపోయాడు. ఇంకా 11 హోల్స్ మిగిలి ఉండగానే హేగెన్ 12 హోల్స్ ముందున్నాడు! కానీ అదే ఏడాది బాబీ బ్రిటిష్ ఓపెన్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచాడు. ఒకే ఏడాదిలో రెండూ గెలిచిన మొదటి మనిషి అతనే. పాత బాబీ అయితే ఆ ఓటమిని ఏడాదంతా మోసేవాడేమో.

ఇంకో సంగతి. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో ఉన్న తన బంతి కాస్త కదిలిందని బాబీ తనకి తానే ఒక దెబ్బ పెనాల్టీ వేసుకున్నాడు. చివరికి స్కోర్లు సమానమయ్యాయి, ప్లేఆఫ్‌లో విలీ మాక్‌ఫార్లేన్ చేతిలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఆ ఒక్క పెనాల్టీ లేకపోతే టైటిల్ అతనిదే. క్లబ్బులు విసిరిన కుర్రాడు ఎంత దూరం వచ్చాడో చూడండి.

1927లో మళ్ళీ సెయింట్ ఆండ్రూస్. ఈసారి ఆరు దెబ్బల ఆధిక్యంతో గెలిచాడు. కప్పు అమెరికాకి తీసుకెళ్ళకుండా ఆ ఊరి క్లబ్ దగ్గరే ఉంచమన్నాడు. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచి, 28 ఏళ్ళకే పోటీలకు సెలవు చెప్పేశాడు.

ఎందుకు? ఎందుకంటే లోపల టెన్షన్ తగ్గలేదు. పెద్ద పోటీలప్పుడు అన్నం సహించేది కాదు, బరువు బాగా తగ్గిపోయేవాడు. బయటికి ప్రశాంతంగా కనిపించేవాళ్ళకి లోపల భయం ఉండదనుకుంటాం కదా? అది తప్పు. భయం ఉంటుంది. దాని చేతికి క్లబ్ ఇవ్వకపోవడమే అతను నేర్చుకున్నది.

తర్వాత వెన్నుపాము జబ్బు వచ్చి ఆటే పోయింది. 1958లో సెయింట్ ఆండ్రూస్ ఊరు ఆయనకి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అంతకుముందు ఆ గౌరవం దక్కిన అమెరికన్ ఒక్క బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాత్రమే. బంతి జేబులో వేసుకుని వెళ్ళిపోయిన కుర్రాడిని ఆ ఊరే సొంతం చేసుకుంది.

ఫోన్ తెరిస్తే చాలు, ఎవడో ఒకడు అదిరిపోయే పుట్ వేస్తూనే కనిపిస్తాడు. ర్యాంకు, ఉద్యోగం, కారు. చూడండి, చప్పట్లు కొట్టండి. కానీ మీ తర్వాతి షాట్ మాత్రం మీ పార్ చూసుకుని కొట్టండి.

మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.