ప్రేమ సంబంధాల్లో వ్యక్తిగత హద్దులు

ప్రేమ పేరుతో ఒకరు అతిగా అంటిపెట్టుకున్నప్పుడు తన సమయం, ఏకాంతం, స్నేహాలు, ఫోను విషయంలో ఎంతవరకు సమ్మతమో రెండోవారు స్పష్టం చేయడమే హద్దులు పెట్టుకోవడం. గంటగంటకూ ఫోను, జవాబు ఆలస్యమైతే అలక, పాస్‌వర్డు అడగడం అతి చనువుకు గుర్తులు.

పసిపిల్లల అనుబంధంపై బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ 1987లో పెద్దల ప్రేమకు వర్తింపజేశారు. వదిలేస్తారన్న బెంగ ఉన్నవారు పదేపదే భరోసా కోరతారని ఇది చెబుతుంది. అందుకే విసుగొచ్చి చెప్పాపెట్టకుండా మాయమైతే ఆ బెంగ ముదురుతుందే గాని తగ్గదు. "పనివేళల్లో ఫోన్ ఎత్తను, రాత్రి 9 గంటలకు నేనే చేస్తాను" అని చెప్పి, ఆ మాట మీద నిలబడటం మేలు. ఒకరోజు కాదని, మర్నాడు బతిమాలగానే సరేనంటే బతిమాలడమే అలవాటవుతుంది.

వద్దన్నా వెంటపడటమే ప్రేమని చూపిన తెలుగు సినిమాలకు కొదవలేదు. చట్టం అలా చూడదు. స్త్రీ తన అయిష్టం స్పష్టంగా తెలిపాక కూడా పురుషుడు పదేపదే వెంబడించడం 2013లో ప్రత్యేక నేరమైంది. 2024 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద మొదటిసారికి 3 ఏళ్ల వరకు, మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటాయి.