ముఖనాడి

ముఖనాడి మానవునిలోని 12 జతల కపాల నాడులలో ఏడవది. నవ్వడం, కళ్ళు మూయడం, నొసలు ముడవడం వంటి ముఖకవళికలకు ఇదే ఆధారం. ఈ నాడి దెబ్బతిన్నపుడు ఏయే పనులు ఆగిపోయాయో పరిశీలించి, లోపం ఎక్కడ ఉన్నదో వైద్యులు చాలావరకు గుర్తించగలరు.

మార్గం

ఈ నాడి మెదడుకాండంలోని పాన్స్ అనే భాగం దిగువ అంచు వద్ద వెలువడుతుంది. శ్రవణ నాడితో పాటు కణత ఎముకలో ప్రవేశించి, వంపులు తిరిగిన ఇరుకైన ఎముక గొట్టం గుండా సాగి, చెవి దిగువన వెలుపలికి వస్తుంది. తరువాత పెరోటిడ్ లాలాజల గ్రంథిలో అయిదు ప్రధాన శాఖలుగా చీలి, నుదుటి నుండి మెడ వరకు వ్యాపిస్తుంది.

విధులు

* ముఖకవళికలను కలిగించే కండరాలను కదిలిస్తుంది.
* నాలుక ముందరి మూడింట రెండు వంతుల భాగం నుండి రుచిని మెదడుకు చేరవేస్తుంది.
* కన్నీటిని, కొంత లాలాజలాన్ని స్రవింపజేస్తుంది.
* మధ్యచెవిలోని ఒక చిన్న కండరం ద్వారా పెద్ద శబ్దాల తీవ్రతను తగ్గిస్తుంది.

ముఖచర్మానికి స్పర్శజ్ఞానాన్ని ఇచ్చేది మాత్రం అయిదవ కపాల నాడి. అందువలన ముఖనాడి చచ్చుబడినా చెంపపై స్పర్శ తెలుస్తూనే ఉంటుంది.

దెబ్బతిన్నపుడు కలిగే లక్షణాలు

నాడి దెబ్బతిన్న వైపు కన్ను మూతపడదు, మూతి రెండవ వైపునకు లాగినట్లు వంకరపోతుంది, నీరు పుక్కిలిస్తే పెదవి పక్క నుండి కారుతుంది. చెవి వెలుపల, చెంప భాగంలో గాయమైతే కండరాల కదలిక మాత్రమే పోతుంది. ఎముక గొట్టం లోపల దెబ్బతింటే, ఆ స్థానాన్ని బట్టి, రుచి తగ్గడం, శబ్దాలు భరించరానంత బిగ్గరగా వినిపించడం, కన్ను పొడిబారడం కూడా కలుగవచ్చు.

బెల్స్ పాల్సీ

స్పష్టమైన కారణం కనబడకుండా ముఖంలో ఒక వైపు త్వరితంగా చచ్చుబడడాన్ని బెల్స్ పాల్సీ అంటారు. స్కాట్లండుకు చెందిన వైద్యుడు చార్లెస్ బెల్ (1774-1842) పేరు మీద దీనికి ఈ పేరు వచ్చింది. ఇరుకైన ఎముక గొట్టంలో నాడి వాచి నొక్కుకుపోవడం వలన ఇది కలుగుతుందని భావిస్తారు. మొదటి 72 గంటలలో స్టెరాయిడ్ మందులు ప్రారంభిస్తే కోలుకునే అవకాశం పెరుగుతుంది. మూతపడని కన్ను ఎండిపోయి పుండు పడకుండా చుక్కల మందుతో కాపాడటం అత్యవసరం. ఎక్కువమంది కొన్ని వారాలలో లేదా నెలలలో కోలుకుంటారు.

పక్షవాతంతో భేదం

నుదుటి కండరాలకు మెదడులోని రెండు అర్ధగోళాల నుండి ఆదేశాలు అందుతాయి. ముఖం కింది భాగానికి ముఖ్యంగా ఎదుటివైపు అర్ధగోళం నుండే అందుతాయి. కనుక ఒక అర్ధగోళంలో రక్తప్రసరణ ఆగి పక్షవాతం వస్తే, మూతి వంకరపోయినా నొసలు ముడవడం సాధ్యమవుతుంది. నాడియే దెబ్బతింటే నుదురు కూడా కదలదు. అయితే మెదడుకాండంలో వచ్చే పక్షవాతంలోనూ నుదురు కదలకపోవచ్చు. కాబట్టి ఈ భేదాన్ని చూసి ఇంటివద్ద నిర్ణయానికి రాకూడదు. రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వవలసి ఉన్నందున, మూతి అకస్మాత్తుగా వంకరపోయిన వారిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఇవి కూడా చూడండి

* కపాల నాడులు
* మెదడు
* పక్షవాతం