నురుగు వెనుక నూరేండ్ల శాస్త్రము

ఉప్పునీళ్ల బావులున్న ఊళ్లలో పప్పు ఉడకదనియు, సబ్బు నురుగు రాదనియు గృహిణులు చెప్పుకొను మాట మన కందఱకును తెలిసినదే. ఎంత రుద్దినను నురుగునకు మారుగా బట్టపై తెల్లని తెట్టె కట్టుటకు కారణము, ఆ నీటిలోని కాల్షియము, మెగ్నీషియములు సబ్బుతో కూడి కరగని లవణములుగా మారుటయే. ఈ చిక్కును విప్పుటకును, స్వల్ప ద్రవ్యముతో అధిక కార్యము సాధించుటకును రసాయన శాస్త్రజ్ఞులు సాగించిన కృషి ఫలములలో మిక్కిలి విలక్షణమైనవి ఋణావేశము గల జెమిని సర్ఫాక్టెంట్లు; సర్ఫాక్టెంట్లనగా సబ్బువలె నీటి తలతన్యతను తగ్గించు పదార్థములు.

ఈ కథ కొక వంటయిల్లు ఆది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున ఆగ్నెస్ పొకెల్స్ అను వనిత, విశ్వవిద్యాలయ విద్యకు నోచుకొనకున్నను, 70 సెంటీమీటర్ల పొడవైన తగరపు తొట్టిని అంచులదాక నీటితో నింపి, దానిపై అడ్డముగా ఒక తగరపు పట్టీ నుంచి, ఆ పట్టీని ఇటునటు జరుపుచు, మలినమైన నీటి పైపొర కుంచించినపుడును, విస్తరించినపుడును తలతన్యత యెట్లు మారునో కొలిచెను. ఆమె తనకు వ్రాసిన లేఖను ఆంగ్ల భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 'నేచర్' పత్రికకు పంపగా, 1891 మార్చిలో అది ప్రకటితమయ్యెను.

నీటి ఉపరితలమున జరుగునది అట్లు తెలిసినను, నీటి లోపల జరుగునది ఇంకను తెలియవలసి యుండెను. సబ్బు అణువునకు నీటిని కోరు శిరస్సును, నీటిని రోయు హైడ్రోకార్బన్ తోకయు కలవు. ద్రావణములో ఇవి ఒక మితికి మించినపుడు, తోకలు లోపలికిని శిరస్సులు వెలుపలికిని ఉండునట్లు గుంపులు కట్టుననియు, ఆ గుంపులే మిసెల్లులనియు నేడు పాఠశాల విద్యార్థియు చెప్పును. కాని బ్రిస్టల్‌లో పనిచేసిన జేమ్స్ మెక్‌బెయిన్ 1913 ప్రాంతమున ఈ భావమును ప్రతిపాదించినపుడు, పండిత సభ దానిని అర్థములేని మాటగా త్రోసిపుచ్చినదని చెప్పుదురు. ఆ మెక్‌బెయినే, వార్ధక్యమున మన దేశమునకు వచ్చి, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు ప్రథమ సంచాలకుడయ్యెను.

మొదటి ప్రపంచ యుద్ధమున జర్మనీకి క్రొవ్వు కఱవై, సబ్బునకు ప్రత్యామ్నాయముగా కృత్రిమ క్షాళకముల అన్వేషణ ప్రారంభమైనది. సల్ఫేటు, సల్ఫోనేటు శిరస్సులు గల ఈ పదార్థములు ఉప్పునీటను చాలవఱకు తట్టుకొనినవి. అయితే రెండవ యుద్ధానంతరము, శాఖలుగల తోకలతో చేసిన క్షాళకములను సూక్ష్మజీవులు జీర్ణింపలేకపోగా, ఐరోపా నదులపై నురుగు గుట్టలు తేలెను. 1961లో పశ్చిమ జర్మనీ ప్రత్యేక శాసనమే చేయవలసి వచ్చెను. క్షాళకము బట్టను విడిచినను లోకమును విడువదని మానవుడు నేర్చిన పాఠమిది.

అటుపిమ్మట శాస్త్రజ్ఞుల దృష్టి అణు నిర్మాణము వైపు మరలెను. జపానులోని ఒసాకాలో ఒకహారా, ఆయన సహచరులు రెండు తోకలును రెండు ఋణావేశ శిరస్సులును గల అణువులను నిర్మించిరి. పొకెల్స్ లేఖ ప్రకటితమైన సరిగా నూరేండ్లకు, 1991లో, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున మెంగర్, లిట్టౌ ఇట్టి కవల అణువులకు జెమిని అని పేరిడిరి. శిరస్సుల చెంత నొక చిన్న రసాయన వారధి రెండు అణువులను, ఒకే కాడికి కట్టిన జోడెడ్లవలె, కలిపి యుంచును.

ఆ వారధి వలన కలుగు ఫలము అపారము. సుపరిచితమైన సోడియం డోడెసైల్ సల్ఫేటు మిసెల్లులు కట్టుటకు, 25 డిగ్రీల వెచ్చదనమున లీటరు నీటికి సుమారు 2.3 గ్రాములు కావలెను. జెమిని అణువులకు అందులో పదవ వంతు, ఒక్కొక్కపుడు నూఱవ వంతు చాలును. రెండు తోకలును ఒక్కసారిగా నీటిని వీడవలసి యుండుటయు, పరస్పరము వికర్షించు శిరస్సులను వారధి యెడబాయనీయకుండుటయు ఇందుకు హేతువులు. వీనిలో పెక్కు చల్లని నీటను సులభముగా కరగును, కాల్షియమునకు లొంగవు. చర్మమును బాధించునవి ముఖ్యముగా గుంపులో చేరక విడిగా తిరుగు అణువులని శాస్త్రజ్ఞుల భావము. జెమిని ద్రావణములలో అట్టివి అల్పమగుటచే, స్నాన ద్రవ్యములకు ఇవి అనుకూలములని యెంచుచున్నారు. రంగుల పరిశ్రమకు వలయు పాలవంటి పాలిమర్ల తయారీలోను, వేడియు ఉప్పదనమును గల భూగర్భ శిలలలో చిక్కుకొనిన ముడిచమురును వెడలించు ప్రయోగములలోను వీనికి స్థానము కలదు. ఇసుకరాయి సాధారణముగా ఋణావేశము గలది గనుక, ఋణావేశిత అణువులు దానికి అంటుకొని వ్యర్థమగుట తక్కువ.

ఇన్ని గుణములుండియు ఇవి మన చాకిరేవు పొడిలో విరివిగా చేరకుండుటకు కారణము వెల. ఒక అణువును చేయుటకంటె రెండింటిని క్రమముగా జతకూర్చుట బహుశ్రమతో కూడిన పని. అందుచే సామాన్య సర్ఫాక్టెంట్లలో కొలదిగా కలిపి, ఆ మిశ్రమ బలముచే లాభము పొందుచున్నారు. అయితే కిలోకు ఇంతయని వెల కట్టుట న్యాయమైన లెక్క కాదని నా దృఢ విశ్వాసము. చేసిన పనిని బట్టియు, కాలువలోనికి పోవు ద్రవ్యరాశిని బట్టియు, అది యెంత త్వరగా మట్టిలో కలియునను దానిని బట్టియు వెల నిర్ణయింపవలెను. త్వరగా విచ్ఛిన్నమగు వారధులను కూర్చుటకై నేడు జరుగుచున్న పరిశోధనకు ధనసహాయ మొనర్చుట, ఆ కాలువలు చేరు నదుల నీరు త్రాగు మనందఱి కర్తవ్యము.