తల్లి, తండ్రి జైల్లో ఉంటే పిల్లలకు దక్కే సాయం

తల్లి జైలుకెళ్తే ఆరేళ్లలోపు పిల్లల్ని తనతో ఉంచుకోవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు దీనిపై స్పష్టమైన ఆదేశాలిచ్చింది. ఆ పిల్లల్ని ఖైదీల్లా చూడకూడదు. తిండి, బట్టలు, వైద్యం, చదువుతో పాటు ఆటపాటలు కూడా వాళ్ల హక్కు.

ఆరేళ్లు నిండితే తల్లి కోరిన బంధువులకు అప్పగిస్తారు, లేదంటే హోమ్‌కు పంపుతారు. హోమ్‌లో ఉన్న పిల్లల్ని వారానికి ఒక్కసారైనా తల్లిని కలవనివ్వాలి. బంధువుల ఇంట్లో పెరిగేవాళ్లకే కష్టం. తల్లి హైదరాబాద్ చంచల్‌గూడ మహిళా జైల్లో ఉంటే, బెల్లంపల్లిలో దాదీ, నానీ దగ్గరున్న పిల్లలు ములాఖత్ కోసం కాజీపేట మీదుగా రైల్లో పోవాలి. బడి రోజుల్లో అది కుదరదు, వేసవి సెలవులే దిక్కు.

తల్లి అయినా, తండ్రి అయినా జైల్లో ఉండి ఇల్లు గడవకపోతే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ అడగొచ్చు. మంజూరైతే నెలకు రూ.4,000 వస్తుంది. కుటుంబ ఏడాది ఆదాయం పల్లెల్లో రూ.72 వేలు, పట్టణాల్లో రూ.96 వేలు దాటకూడదు. బెల్లంపల్లి వాళ్లు మంచిర్యాల జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. అర్హత కమిటీ తేలుస్తుంది. చదువుకు ఐదో తరగతి నుంచి మైనారిటీ గురుకులాలున్నాయి, హాస్టల్ ఫ్రీ.

బస్తీలో సమ్మర్ క్యాంప్ పెట్టేవాళ్లు ఈ పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టొద్దు. అందరితో కలిపి ఆడించాలి, కేసు సంగతి అడగొద్దు.

పిల్లలకు ఆపదొస్తే 1098, ఉచిత న్యాయ సాయానికి 15100.