ఒక వంపు గీత కథ

ఫోటో తీయుటకు చేతి నేర్పు చాలును, లెక్కలతో పనిలేదని ఒకప్పుడు చాలామంది తలచెడివారు. ఆ తలపును మార్చిన ఒక గీతను గూర్చి శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ఇంగ్లండులోని విడ్నెస్ పట్టణమున ఒక క్షార కర్మాగారము ఉండెను. అందు ఫెర్డినాండ్ హర్టర్ అను స్విస్ రసాయనవేత్తయు, డ్రిఫీల్డ్ అను ఆంగ్ల ఇంజనీరును పనిచేసెడివారు. వీరు తీరిక వేళలందు ఫోటో పలకలను కొవ్వొత్తి వెలుగున వేర్వేరు కాలములపాటు ఉంచి, కడిగి, ఏర్పడిన నలుపును కొలిచిరి. ఫలితములను 1890లో ప్రకటించిరి.

పలకపై పడిన వెలుగు యొక్క లాగరిథమును అడ్డముగను, నలుపు సాంద్రతను నిలువుగను గుర్తింపగా 'ఎస్' అక్షరము వంటి గీత వచ్చెను. దీనికి లక్షణరేఖ యని పేరు. క్రింది వంపు వెలుగు చాలని చోటు. పై వంపు వెలుగు మితిమీరిన చోటు. నడిమి తిన్నని భాగమునందే దృశ్యములోని వెలుగునీడల తారతమ్యములు సరియగు పాళ్లలో నిలుచును.

ఫోటోగ్రఫీ కళయేనని 1889లో గ్రంథము వ్రాసిన ఎమర్సన్, కొలదికాలమునకే ఆ వాదమును విడనాడెను. వెలుగునీడల పాళ్లను ఇచ్చవచ్చినట్లు మార్చ వీలులేదని ఈ పరిశోధన తెలుపుటయు అందుకు ఒక కారణము.

ఆయన తొందరపడెనని మాకు తోచుచున్నది. వాల్వు రేడియోలలోని వాల్వులకు సైతము ఇట్టి లక్షణరేఖ కలదు. తిన్నని భాగమున పనిచేయించినప్పుడే గాత్రము వికృతము గాక వినబడెడిది. అందువలన గాయకుని కళకు లోటు రాలేదు. అది యథాతథముగా మన ఇంటికి చేరినది. ఫోటో పలక విషయమును అంతియే. గీత హద్దును మాత్రమే చూపును. ఏ నీడను నిలుపవలెనో, ఏ వెలుగును విడువవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే.